తిక్కన సోమయాజి: మంత్రియు, భారతకర్తయు

తిక్కన సోమయాజి పేరు వినని తెలుగువాడుండడు. భారతమున పదునైదు పర్వములు తెనిగించిన కవిబ్రహ్మగా మనమాతని నెఱుగుదుము. ఆతడే పెన్నాతీరమున నెల్లూరేలిన తెలుగుచోడరాజగు మనుమసిద్ధికి మంత్రి. నేడు ఆ మంత్రిని గూర్చి ముచ్చటింతము.

రాజ్యతంత్ర మాతనికి ఇంటి విద్య. తాత మంత్రి భాస్కరుడు గుంటూరి ప్రభువు. పెదతండ్రి కుమారుడగు ఖడ్గతిక్కన పుల్లరి తగవున కాటమరాజుతో పోరి మడిసెను. ఆ కథను మీ పల్లెలలో పాడగా వినియే యుందురు.

13వ శతాబ్ది మధ్యమున దాయాదులు మనుమసిద్ధిని రాజ్యభ్రష్టుని గావించిరి. అంతట తిక్కన ఓరుగల్లున కేగి, కాకతి గణపతిదేవునికి భారతార్థము వినిపించి, తన ప్రభువునకు సాయమర్థించెనని సిద్ధేశ్వర చరిత్రము చెప్పుచున్నది. అది తరువాతి కాలపు గ్రంథము. అందలి ప్రతి మాటయు చరిత్ర కానక్కఱలేదు. కాని గణపతిదేవుని సేనాని సామంతభోజుడు నెల్లూరిపై దండెత్తి పురమును దహించెనని నాయనిపల్లె శాసనము చాటుచున్నది. ప్రభువునకు గద్దె దక్కినది. ఊరు మంటల పాలయినది. పరుల సాయమునకు నెల్లూరు చెల్లించిన వెల యది.

నన్నయ 11వ శతాబ్దిలో ఆరణ్యపర్వము నడుమ విడిచిన భారతమును తిక్కన విరాటపర్వము మొదలుగా చేపట్టెను. మిగిలిన ఆరణ్యభాగమును 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించెను. ఉద్యోగపర్వమున సంధికై నడచిన రాయబారములను చదివి చూడుడు. ఎవరు పైకి సంధి పలుకుచు లోన పోరు కోరుచున్నారో, ఏ మాట వెనుక నే బెదరింపు దాగియున్నదో అందు తేటపడును. రాజసభలలో మెలగి, యుద్ధఫలము నెఱిగిన వానికిగాని అట్టి రచన పొసగదని నా తలంపు. ఆతడు మూలమునకు మాటకు మాట పెట్టలేదు. సందర్భమును బట్టి కుదించియు పెంచియు, జాతీయమైన తెలుగు పలుకుల నేరి కూర్చెను.

మఱియొక విశేషము. నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధి కంకితమిచ్చిన ఆ మంత్రి, భారతమును ఏ రాజునకు నీయక హరిహరనాథున కర్పించెను. శైవులును వైష్ణవులును కలహించు కాలమున శివకేశవుల కభేదము చెప్పుట భక్తి మాత్రమే కాదు, రాజనీతియు గదా!

మనుమసిద్ధి రాజ్యము ఆతని తరువాత నిలువలేదు. తిక్కన భారతము ఏడు శతాబ్దులు దాటియు నిలిచియున్నది. దాయాదుల తగవు మీ రచ్చబండ కెక్కిన నాడు, తీర్పు చెప్పుటకు ముందు ఉద్యోగపర్వము నొకమాఱు తెఱచి చూడుడు. కాలిన ఊరి మంత్రి మన కిచ్చిపోయిన ఆలోచన అందు గలదు.