చిత్రఫలకం నుండి నిశ్చితార్థపు ఫోటో దాకా



ఈమధ్య ఏ ఇంట తాంబూలాలకు ముహూర్తం కుదిరినా, పురోహితునికి కబురు వెళ్ళకముందే ఫోటోగ్రాఫరుకు బయానా ముట్టుతున్నది. ఏ కోటకు పోవాలి, ఏ సముద్రతీరానికి పోవాలి, ఎన్ని జతల బట్టలు కావాలి, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుంది అని వారాల తరబడి మంతనాలు సాగుతున్నాయి. "మా కాలంలో ఈ చోద్యాలున్నాయా?" అని పెద్దలు ముక్కున వేలు వేసుకుంటున్నారు. ఉన్నాయా లేవా అన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. దానికి నాకు తోచిన సమాధానం ఈ టపా.

పెళ్ళికీ చిత్తరువుకూ ఉన్న చుట్టరికం కెమెరా కంటే చాలా పాతది. బాణాసురుని కూతురు ఉష కలలో చూసిన ప్రియుడెవరో తెలియక తపిస్తే, చెలికత్తె చిత్రలేఖ రాకుమారులందరి రూపాలనూ రాసి చూపించింది. అనిరుద్ధుని రూపం దగ్గర ఉష తల వంచుకున్నది. భాగవతం చదివినవారికి ఇది తెలిసిన కథే. 1912లో తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రిగారు ప్రకటించిన భాసుని స్వప్నవాసవదత్తంలో ఇంతకంటే విచిత్రమైన సంగతి ఉన్నది. ఉదయనుడు వాసవదత్తను వివాహవిధి జరగకుండానే తీసుకొనిపోయాడు. అప్పుడామె తల్లిదండ్రులు ఇద్దరి రూపాలనూ ఒక చిత్రఫలకం మీద రాయించి, ఆ బొమ్మలకే పెళ్ళి జరిపించారు. ఆరవ అంకంలో ఆ ఫలకాన్ని ఉదయనునికి పంపుతారు. అంటే జంటచిత్రం వేయించినవారు జంట కాదు, పెద్దలు. ఆ సమయానికి జంట అక్కడ లేనేలేదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవలసిందిగా మనవి.

ఇక కెమెరా కథ. 1839లో పారిస్‌లో దగ్వేరు ప్రక్రియ లోకానికి వెల్లడైంది. 1856 నాటికి చెన్నపట్నంలో ఛాయాచిత్రకారుల సంఘమే వెలసింది. ఆ తొలినాళ్ళలో ఫోటోకు సిద్ధపడడమంటే కదలకుండా కూర్చోవడానికి సిద్ధపడడం. మొదట్లో ఒక బింబం పడడానికి నిమిషాలు పట్టేది. తల కదలకుండా వెనుకనుండి ఇనుప ఊత ఒకటి పెట్టేవారు. పాతకాలపు ఫోటోలలో ఎవరూ నవ్వకపోవడానికి ఇదీ ఒక కారణం. అంతసేపు నవ్వును నిలిపి ఉంచడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

రంగుల సంగతి మరింత చిత్రమైనది. ఆనాటి పలకలకు నీలిరంగు వెలుగే బాగా అందేది. అందుచేత నీలం తెల్లగానూ, ఎరుపూ పసుపూ నల్లగానూ పడేవి. మన పెళ్ళికూతురిని తలచుకోండి. ముఖానికి పసుపు, నుదుట కుంకుమ, ఒంటిమీద ఎర్రంచు పసుపుచీర. శుభమని మనం భావించే రంగులన్నీ ఆ పలక మీద చీకట్లే. అన్ని రంగులనూ గ్రహించే పలకలు 1906లో అమ్మకానికి వచ్చినా, చౌకరకాలు చాలాకాలం ఎరుపును పట్టుకోలేదు. ఏ చీర కడితే ఫోటోలో బాగుంటుందన్న విచారం ఈనాటి పిల్లలు కనిపెట్టినది కాదన్నమాట!

మన హైదరాబాదులో దీనికి మరొక అధ్యాయం ఉన్నది. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీనదయాళ్, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడైనాడు. 'ముసవ్విర్ జంగ్' అన్న బిరుదు పొందినవాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1892లో ఆయన హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడలు, ఫోటోలు తీయడానికి ఒక ఆంగ్లవనిత. పరపురుషుని కంట పడకుండా స్త్రీ తన బింబాన్ని సంపాదించుకోవడానికి చేసిన ఏర్పాటది. అక్కడ సన్నాహమంతా ఎవరు చూడకూడదు అన్నదానిని బట్టి సాగింది.

తరువాతి కాలంలో ఊరూరా స్టూడియోలు వచ్చాయి. వెనుక తోటో మేడమెట్లో రాసిన తెర, పక్కన పూలకుండీ, మగవారికి అరువు కోటు. జంటఫోటో పెళ్ళయిన తరువాతనే. భర్త కుర్చీలో కూర్చుంటాడు, భార్య పక్కన నిలబడి కుర్చీమీద చెయ్యి వేస్తుంది. నిశ్చితార్థపు ఫోటో మాత్రం ఆనాటి ఇళ్ళలో వెదికినా సామాన్యంగా కనబడదు. అది ఫోటోల కరువు వల్లనే కాదు. నిశ్చయ తాంబూలాలన్నవి ఇద్దరు వియ్యంకులు పుచ్చుకునేవి. చాలా ఇళ్ళలో ఆ వేళకు వరుడు ఆ ఊళ్ళోనే ఉండేవాడు కాదు, వధువు వంటింటి గడప దాటేది కాదు. ఇద్దరూ ఒకచోట లేనప్పుడు జంటఫోటో ఎట్లా వస్తుంది?

ఆ కాలపు ఆడపిల్లకు దక్కిన ఫోటో పెళ్ళిచూపుల ఫోటో. ఒంటరి ఫోటో. దానికి జరిగే సన్నాహం నేను స్వయంగా అనుభవించాను. 1981లో, భాషాప్రవీణ చదువుతుండగా, నన్ను పక్క ఊళ్ళోని స్టూడియోకు తీసుకువెళ్ళారు. పిన్ని చంద్రహారం, అత్తయ్య పట్టుచీర, సవరం పెట్టి వేసిన జడ. అన్నీ అరువే. చివరి క్షణంలో మా అమ్మ నా కళ్ళద్దాలు తీసి చేతిసంచిలో వేసింది. "చదువుకునే పిల్లకు అద్దాలుంటే సంబంధాలు వెనక్కి పోతాయే తల్లీ" అన్నది. నాకు కెమెరా మసకమసకగా కనిపించింది. తీసేవారు "ఇటు చూడమ్మా" అంటే ఆ గొంతు వచ్చిన వైపు చూశాను. మూడు ప్రతులు వేయించి, అట్టముక్కల మధ్య పెట్టి టపాలో పంపారు. రెండు తిరిగి వచ్చాయి. మూడవదాన్ని తీసుకున్నవారు సంబంధం వద్దన్నారు గాని ఫోటో పంపలేదు. మా నాన్నగారు రెండు ఉత్తరాలు రాసి ఊరుకున్నారు. ఎవరి బీరువాలోనో, ఏ పాత పుస్తకంలోనో అద్దాలు లేని ఆ పిల్ల ఇంకా ఉండి ఉంటుంది.

తరువాత రంగుల ఫోటోలు, వీడియో, చేతిఫోనులోనే కెమెరా వచ్చాయి. మార్పు పనిముట్లలోనే వచ్చి ఉంటే దీని గురించి రాయవలసిన పని లేదు. అసలు మార్పు వేరు. చిత్రఫలకాన్ని పెద్దలు రాయించారు. పెళ్ళిచూపుల ఫోటోలో ఒకరు చూపబడ్డారు, మరొకరు చూశారు. నిశ్చితార్థపు ఫోటోలో ఇద్దరూ ఒకే చట్రంలో నిలుస్తున్నారు, ఎక్కడ నిలవాలో ఇద్దరూ కూర్చుని ఆలోచిస్తున్నారు. పెళ్ళికి ముందు ఒక పనిని కలిసి తలపెట్టి, వాదులాడుకొని, ఒక మాటకు రావడం మా తరానికి దొరకని అవకాశం. దానిని ఆడంబరమని కొట్టిపారేయడం నాకు చేతకాదు.

ఆడంబరం లేదనీ అనను. ఆ ఖర్చు ఆడపిల్ల తండ్రి నెత్తిన పడితే, కట్నం జాబితాలో మరొక పద్దు చేరినట్లే. సినిమా పాటలోని నాయికానాయకుల వలె కనబడాలని పరితపిస్తే, చివరకు ఆ ఫోటోలో వారే ఉండరు. నా కళ్ళద్దాలు తీయించినది సంబంధం తప్పిపోతుందేమోనన్న భయం. ఈనాడు ఆ పని పదిమంది మెప్పు కోసం జరిగితే, ఫలితంలో తేడా ఏమున్నది?

కనుక సన్నాహంలో ఉన్న పిల్లలకు నాలుగు మాటలు. ఖర్చు ఇద్దరూ పంచుకోండి. ఉదయపుటెండ గాని, సాయంత్రపు నీరెండ గాని చూసుకోండి, ముఖం మీద నీడలు పడవు. ఇంట్లో కట్టుకునే బట్టలతో ఒక్కటైనా తీయించుకోండి. కాలు కదపలేని తాతమ్మలుంటే, కోటలకు పోయే ముందు వారి మంచం పక్కన ఒకటి తీయించుకోండి. అన్నీ ఫోనులోనే ఉంచక నాలుగైదు కాగితం మీద అచ్చు వేయించి, వెనుక పేర్లు, తేదీ, ఊరు రాయండి. కళ్ళద్దాలుంటే ఉంచుకోండి.

చదువరులకు ఒక మనవి. మీ ఇళ్ళ పెట్టెల్లో పెళ్ళిచూపుల ఫోటోలు ఉండే ఉంటాయి. అందులో ఉన్నవారు ఇంకా మన మధ్య ఉంటే, ఆ రోజు ఎవరి చీర కట్టారో, ఎవరి నగ పెట్టుకున్నారో, ఏమి దాచమన్నారో అడిగి తెలుసుకోండి. ఆ మాటలు కూడా ఫోటో వెనుక రాయండి. ఎవరిదైనా తిరిగి పంపని ఫోటో మీ పుస్తకాల్లో దొరికితే, చిరునామా తెలిసిన పక్షంలో, ఇప్పటికైనా పంపించండి.