ఒంట్లో నేరాన్ని వెతికే శాస్త్రం

నేరం ఒంట్లోనే ఉంటుందన్న నమ్మకం పాతది. 1876లో ఇటలీ వైద్యుడు లోంబ్రోసో దవడలూ చెవులూ చూసి పుట్టు నేరస్థుల్ని తేల్చాడు. మద్రాసులో ఎడ్గర్ థర్‌స్టన్ కులాలవారీగా ముక్కులు కొలిచాడు. నేరస్థ జాతుల చట్టం 1911లో ఇటు వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటులో ఎరుకల పిల్లలు పుట్టుకతోనే అనుమానితులు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో.

పుట్టుకను బట్టి అనుమానించడం హైదరాబాదులోనూ జరిగింది. నిజాం కొలువుకు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల వారసుల పేట బార్కస్. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాదు అరబ్బుల్ని నిర్బంధించి, చాలామందిని దేశం దాటించారు. ఒక్కొక్కరు ఏం చేశారన్నది కాదు, ఏ పుట్టుక అన్నదే అప్పుడు లెక్కకొచ్చింది.

కొలబద్ద మారినా ఆశ మారలేదు. 1965లో స్కాట్లండ్ పరిశోధకులు అదనపు వై క్రోమోజోముకూ హింసకూ లంకె పెట్టారు. తర్వాతి అధ్యయనాల్లో అది నిలవలేదు. 1993లో ఒక డచ్చి కుటుంబంలో హింసతో ముడిపెట్టిన ఎంఏఓఏ జన్యులోపం బయటపడింది. 2009లో ఇటలీలోని ట్రియెస్టెలో అప్పీలు కోర్టు జన్యువుల్ని కూడా లెక్కలోకి తీసుకుని ఒక హంతకుడి శిక్ష ఏడాది తగ్గించింది. అదే జన్యువును చూపి, ఇతను మారడు, లోపలే ఉంచండి అని ప్రాసిక్యూటరూ అనొచ్చు కదా! మన చట్టం మతిస్థిమితం గురించి అడుగుతుంది: చేసేది తప్పని తెలుసుకోగల స్థితిలో ఉన్నాడా, లేదా? దానికి జన్యుపటం జవాబు కాదు.

జన్యువులతో ఆగక మెదడులోనూ నేరాన్ని వెతికారు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని మైనారిటీ కమిషన్ నియమించిన అడ్వొకేట్ కమిషనర్ నివేదిక చెప్పింది. పెంటోథాల్ ఎక్కించి మాట్లాడించే నార్కో, మెదడు తరంగాల్లో జ్ఞాపకం వెతికే పరీక్ష దేశంలో జోరుమీదున్న రోజులవి. 2008లో పుణె కోర్టు ఒక హత్యకేసులో ఆ తరంగాలను ఆధారంగా స్వీకరించింది. నిమ్హాన్స్ డైరెక్టర్ నాగరాజ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ అదే ఏడాది ఆ పద్ధతి శాస్త్రీయం కాదంది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఒప్పుకోనిదే ఈ పరీక్షలు చేయరాదు. లాకప్పులో దొరికే ఒప్పుదల ఏపాటిదో వేరే చెప్పాలా?

2022 ఆగస్టు 4న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం పోలీసులను కనుపాప గుర్తులూ జీవ నమూనాలూ తీసుకోనిస్తుంది, రికార్డును 75 ఏళ్లు ఉంచుతుంది. నా మటుకు నాకు, మెదడు స్కానూ జన్యువూ ముద్దాయి కోరి తన రక్షణకు తెచ్చుకుంటేనే కోర్టు గడప తొక్కాలి. రేపు నేరం చేస్తాడని జోస్యం చెప్పడానికి వాటిని ఏ డాక్టరూ వాడకూడదు, ఏ జడ్జీ వినకూడదు.