పాటల పెట్టె: గ్రామఫోన్ నుంచి చిన్న కంప్యూటర్ వరకు

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని అని తెలిసిన చుట్టాలు ఏడాదికి ఒకసారైనా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంట్లో పాటలు వినడానికి, వీడియోలు చూడడానికి తక్కువలో ఏ కంప్యూటర్ తీసుకోవాలప్పా?" ఒక మోడల్ పేరు చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆ పేరు రెండేళ్లలో పాతబడిపోతుంది. ఈ ప్రశ్న మాత్రం నాలుగు తరాల నుంచి మన ఇళ్లలో ఉన్నదే. గ్రామఫోన్ కొన్నప్పుడూ, ట్రాన్సిస్టర్ కొన్నప్పుడూ, టేప్ రికార్డర్ కొన్నప్పుడూ పెద్దవాళ్లు ఇదే అడిగారు: తక్కువ డబ్బులో ఏ పెట్టె తెచ్చుకుంటే ఇంట్లో తెలుగు వినబడుతుంది? అందుకే ఈసారి జవాబు చరిత్ర వైపు నుంచి రాస్తున్నాను.

మనది కోలారు సీమ. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. నా చదువంతా కన్నడ మీడియమే. అచ్చులో తెలుగు చూసిన దానికంటే చెవితో విన్న తెలుగే ఎక్కువ. మనలాంటి ఇళ్లలో భాష నిలబడింది పుస్తకాల వల్ల కొంత, గొంతుల వల్ల చాలా. ఆ గొంతులను ఇంటికి తెచ్చిన పెట్టెల కథే ఇది.

ఊరి బయటి గొంతులు

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన దేశపు పాటలు రికార్డు చేశాడు. అప్పుడు ముద్రలు జర్మనీకి పంపి, అక్కడ రికార్డులు అచ్చు వేయించి తిరిగి తెప్పించేవాళ్లు. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టాక రికార్డులు ఇక్కడే తయారయ్యాయి. ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలే పట్టేది. పెద్ద కీర్తన కూడా ఆ మూడు నిమిషాల్లో ఇమడాల్సిందే.

అదే 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు వచ్చింది. గనులకు వచ్చింది గానీ చుట్టుపక్కల పల్లెలకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. గ్రామఫోన్‌కు కరెంటు అక్కర్లేదు, కీ తిప్పితే చాలు. అందుకే కరెంటు లేని ఊళ్లలో కూడా కలిగినవాళ్ల ఇంట్లో అది మోగింది. కొత్త పెట్టె మన ఇంటి పరిస్థితికి సరిపోతుందా లేదా అన్న లెక్క అప్పటి నుంచే ఉంది.

తర్వాత రేడియో. 1935లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి అనే ప్రొఫెసర్ తన ఇంట్లోనే ఒక చిన్న రేడియో కేంద్రం మొదలుపెట్టారు. ఆకాశవాణి అనే పేరు అక్కడిదే. 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం వచ్చాయి. పగలు దూరపు మీడియం వేవ్ కేంద్రాలు సరిగ్గా అందవు. చీకటి పడ్డాక ఆకాశంలోని పై పొరలు ఆ తరంగాలను వెనక్కి తిప్పి పంపుతాయి కాబట్టి రాత్రిపూట దూరం నుంచి కూడా వినబడతాయి. కన్నడనాట ఉన్న తెలుగువాళ్లు రాత్రి ముల్లు తిప్పుతూ కూర్చున్నారంటే కారణం అదే. రేడియో సిలోన్‌లో తెలుగు పాటల కార్యక్రమానికి కూడా మనవాళ్లలో చాలామంది అభిమానులు. రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన రోజులవి. పెట్టె ధర ఒకటే కాదు, దాన్ని నడిపే ఖర్చు కూడా లెక్కలోకి వచ్చేది.

అయితే ఒక మాట గమనించండి. గ్రామఫోనైనా రేడియో అయినా వినిపించింది బయటి గొంతులనే. మద్రాసు స్టూడియోలో పాడినవాళ్లు, విజయవాడలో వార్తలు చదివినవాళ్లు. మన అవ్వ గొంతు అందులో లేదు.

రికార్డు బటన్

1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్‌ను బయటపెట్టింది. తర్వాత దాన్ని ఇతర కంపెనీలు కూడా ఫీజు లేకుండా తయారుచేసుకోవచ్చని ఒప్పుకుంది. దానివల్లే ఏ కంపెనీ క్యాసెట్ అయినా ఏ కంపెనీ టేప్ రికార్డర్‌లోనైనా ఆడింది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అరవై నిమిషాల క్యాసెట్‌లో పక్కకు అరగంట. 1980ల్లో మన దేశంలో క్యాసెట్లు బాగా చవకయ్యాయి. ఘంటసాల భగవద్గీత, సినిమా పాటలు, హరికథలు మన ఇళ్లకు చేరాయి.

కానీ నా దృష్టిలో క్యాసెట్ తెచ్చిన పెద్ద మార్పు అది కాదు. ఆ పెట్టె మీద ఎర్ర చుక్కతో ఒక బటన్ ఉండేది. దాన్ని నొక్కితే మన గొంతు కూడా పెట్టెలోకి వెళ్తుంది. పెళ్లిలో ముత్తైదువులు పాడిన మంగళహారతులు, అప్పగింతల పాటలు, తాత చెప్పిన ఊరి కథ, దుబాయిలో ఉన్న కొడుకు కోసం తల్లి ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన క్యాసెట్. ఇవి ఏ కంపెనీ అమ్మినవి కావు. ప్రపంచంలో ఒక్కటే కాపీ ఉంటుంది.

అందులోని తెలుగు కూడా వేరు. మనవాళ్లు తాళాన్ని బీగం అంటారు, కొట్టును అంగడి అంటారు, మాట చివర కన్నడం సాగదీత ఉంటుంది. రాయలసీమలో కొంత ఉంది, కోలారులో కొంత ఉంది, రెండూ కలిసిన యాస మాత్రం మన ముసలివాళ్ల నోట్లోనే ఉంది. సినిమాల్లో ఆ తెలుగు వినబడదు. టీవీ వార్తల్లో అసలే వినబడదు.

వీడియో విషయమూ అంతే. 1976లో జపాన్‌లో వీహెచ్ఎస్ వచ్చింది. 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో మన దేశంలో కలర్ టీవీ మొదలైంది. ఆ తర్వాత రాత్రికి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి తెల్లారేదాకా మూడు సినిమాలు చూడడం మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ సినిమాలు ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతాయి. అదే కాలంలో తీయించిన పెళ్లి వీడియో మాత్రం బీరువాలో ఉన్న ఆ ఒక్క క్యాసెట్‌లోనే ఉంది. 2016లో ప్రపంచంలో ఆఖరి వీహెచ్ఎస్ ప్లేయర్ల తయారీ కూడా ఆగిపోయింది. ఇక ఉన్నవి పాతవే. టేపు కంటే ముందు దాన్ని ఆడించే యంత్రమే కనబడకుండా పోయే రోజులు వచ్చాయి.

కంప్యూటర్ ఇంట్లోకి వచ్చింది

1993లో వీసీడీ వచ్చింది. బొమ్మ కొలత 352 బై 288 చుక్కలు. ఒక డిస్కులో 74 నిమిషాలు. అందుకే తెలుగు సినిమా రెండు మూడు డిస్కులుగా వచ్చేది. 1995 నుంచి ఎంపీ3 అనే పేరు వాడుకలోకి వచ్చింది. నిమిషానికి సుమారు ఒక ఎంబీ చాలు కాబట్టి ఒక్క సీడీలో నూట యాభై పాటలు పట్టాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని కూర్పించుకున్న కంప్యూటర్, పక్కన రెండు స్పీకర్లు. చాలా ఇళ్లలో మొదటి కంప్యూటర్ పిల్లల చదువు పేరు చెప్పి వచ్చింది గానీ పని చేసింది పాటల పెట్టెగానే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో తెలుగు అక్షరాలకు ఆసరా దొరికింది. అంతకుముందు పాటల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే.

తర్వాత పాటలకు, వీడియోలకు విడిగా చిన్న కంప్యూటర్ పెట్టాలన్న ఆలోచన బలపడింది. 2002లో మైక్రోసాఫ్ట్ మీడియా సెంటర్ తెచ్చింది. ఆటల పెట్టె ఎక్స్‌బాక్స్ కోసం కొందరు ఔత్సాహికులు రాసిన ఎక్స్‌బీఎంసీ అనే ప్రోగ్రామే 2014 నుంచి కోడి అనే పేరుతో నడుస్తోంది. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. ధర 35 డాలర్లు, మెమరీ 256 ఎంబీ మాత్రమే. ప్రాసెసర్ చాలా చిన్నది. అయినా పెద్ద వీడియోను తడబడకుండా ఆడించింది. ఎలాగంటే, హెచ్.264 అనే వీడియో పద్ధతిని విప్పడానికి ఆ చిప్‌లోనే ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. విప్పే పని ప్రాసెసర్ మీద పడలేదు.

అదే పెట్టెలో డీవీడీ వేస్తే వేరే కథ. డీవీడీలది ఎంపెగ్-2 పద్ధతి. దాన్ని విప్పే భాగం చిప్‌లో ఉన్నా, తాళం తీయడానికి 2.40 పౌండ్లు పెట్టి విడిగా లైసెన్సు కొనాల్సి వచ్చింది. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5 ఎన్నో రెట్లు బలమైనది. కానీ అందులో హెచ్.264ను విప్పే ప్రత్యేక భాగం తీసేశారు, ఆ పని ప్రాసెసర్ చేస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకునే గుండ్రటి రంధ్రం కూడా తీసేశారు. కొత్తది కదా, అన్నీ ఉంటాయిలే అనుకోవడానికి లేదు.

మరి ఇప్పుడు ఏది తీసుకోవాలి?

ఈ చరిత్ర నుంచి నాకు తోచింది ఒక్కటే. ఇంట్లో పాటలకు, వీడియోలకు కొనే కంప్యూటర్‌ను టీవీకి వారసుడిగా చూడకండి, టేప్ రికార్డర్‌కు వారసుడిగా చూడండి. కొత్త సినిమాలు చూపించడానికి టీవీ ఉంది, ఫోన్ ఉంది. బీరువాలో ఉన్న క్యాసెట్లను లోపలికి తీసుకుని, దాచి, మళ్లీ వినిపించే పెట్టె ఏది అన్నదే అసలు ప్రశ్న.

అలా చూస్తే ఖరీదైనది అక్కర్లేదు. వీహెచ్ఎస్ బొమ్మకు 4కె బలం దండగ. ఆఫీసుల్లో వాడి తీసేసిన అరచేతి కంటే కొంచెం పెద్ద మినీ కంప్యూటర్లు పాత సామాన్ల మార్కెట్లో దొరుకుతాయి. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతిదైతే ఇప్పటి ఫోన్లు తీసే హెచ్ఈవీసీ వీడియోలను కూడా చిప్‌లోనే విప్పుతుంది. ఏడో తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది. లినక్స్ వేసి వీఎల్‌సీ, కోడి పెట్టుకుంటే సరిపోతుంది, రెండూ ఉచితం. కరెంటు లెక్క కూడా చూడండి. రోజుకు నాలుగు గంటలు వాడితే 100 వాట్ల డెస్క్‌టాప్ నెలకు 12 యూనిట్లు తీసుకుంటుంది, 10 వాట్ల పెట్టె 1.2 యూనిట్లే.

మిగిలిన డబ్బు మూడు చోట్ల పెట్టండి. ఒకటి, లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్. మామూలు ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో టేప్ రికార్డర్ కలిపితే ధ్వని పగిలిపోతుంది. రెండు, నిల్వ. అరవై నిమిషాల క్యాసెట్‌ను సీడీ నాణ్యతతో ఎక్కిస్తే 600 ఎంబీ పైన పడుతుంది. ఫ్లాక్ పద్ధతిలో దాచుకుంటే నాణ్యత ఏమీ పోకుండా దాదాపు సగానికి తగ్గుతుంది. మూడు, రెండో హార్డ్ డిస్క్. అది వేరే ఊళ్లో, అక్క ఇంట్లోనో చిన్నాన్న ఇంట్లోనో ఉండాలి. ఒకే కాపీ ఉంటే పాత క్యాసెట్‌కూ దీనికీ తేడా ఏముంది?

కొనేముందు నా ఉద్యోగంలో చేసే పనే చేయండి. ఒక పెన్‌డ్రైవ్‌లో మీ ఇంటివే ఐదు ఫైళ్లు వేసుకుని అంగడికి వెళ్లండి: ఒక ఎంపీ3, పాత వీసీడీలోని డాట్ ఫైలు, పెళ్లి డీవీడీ ముక్క, ఫోన్‌లో తీసిన వీడియో, తెలుగులో పేరు పెట్టిన ఒక పాట. ఐదూ ఆడాలి. తెలుగు పేరు గడులు గడులుగా కాకుండా ఒత్తులతో సహా సరిగ్గా కనబడాలి. అంగడివాడు చూపించే మెరిసే డెమో వీడియో ఏ కంప్యూటర్‌లోనైనా బాగానే ఆడుతుంది.

పాటలు ఎక్కించే వరుస కూడా చెప్తాను. సినిమా పాటల క్యాసెట్లు చివర చేయొచ్చు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. చేతిరాతతో పేరు రాసినవి, పేరే రాయనివి ముందు ఎక్కించండి. ఎక్కిస్తున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పాడుతున్నది ఎవరో, ఎవరి పెళ్లో, ఏ ఊళ్లోనో వాళ్లకే తెలుసు. అది వెంటనే ఫైలు పేరులో తెలుగులో రాయండి. గొంతు దొరికి, అది ఎవరిదో తెలియకపోతే మన మనవలకు అది సగం పోయినట్టే.

మీ ఇంట్లో ఇలాంటి క్యాసెట్లు ఎన్ని ఉన్నాయో ఈ ఉగాదిలోపు ఒక చీటీ మీద రాసి పెట్టండి. ఏ కంప్యూటర్ అన్నది ఆ చీటీ చూసి తేల్చుకుందాం.