బూదికోట బిడ్డడు – దండు నడిపే లెక్క

“రాత్రి రెండున్నరకు నా దండు చేరుతుంది, మరచిపోకుండా లేపమ్మా” అని పదవ తరగతి చదివే కుర్రవాడు పడుకోబోతూ చెబితే ఏ తల్లికైనా దిగులు పుట్టడం సహజమే. ఆ దండు కంప్యూటరులోనిది, లేదా సెల్‌ఫోనులోనిది. ఇంటర్నెట్ ద్వారా వేలమంది ఒకే పటం మీద ఆడే యుద్ధవ్యూహ క్రీడలలో సైన్యాన్ని కూర్చడం, కదిలించడం, వేళకు చేర్చడమే ముఖ్యమైన పని. 2004లో జర్మనీలో మొదలై నేటికీ ఆడుతున్న ‘ట్రావియన్’ ఇటువంటి ఆటలకు చక్కని ఉదాహరణ. ఇందులో ఆటగాడు కత్తి తిప్పడు, గుర్రం దూకించడు. ఉన్నదంతా లెక్కే. ఆ లెక్కను వివరించడానికి దూరదేశపు రోమనులను పిలువనక్కరలేదు. మన బంగారుపేట తాలూకా బూదికోటలో పుట్టినవాడే అందులో ఆరితేరినవాడు.

బూది అనగా బూడిద. ఆ పేరు గల కోట, దాని చుట్టూ ఉన్న గ్రామం 18వ శతాబ్దపు తొలి భాగంలో ఫతే మహమ్మద్ అనే సేనానికి జాగీరుగా ఉండేవి. శిరా సుబేదారు కొలువులో కోలారు ఫౌజుదారుగా పనిచేసిన ఈయన కుమారుడే హైదరాలీ. జననం 1720 ప్రాంతమని సాధారణంగా చెబుతారు. తండ్రి యుద్ధంలో మరణించేనాటికి హైదరాలీ పసివాడు. చదువు అబ్బలేదు. అయినప్పటికీ దండు ఎంత తింటుంది, ఎంత నడుస్తుంది అన్న విషయంలో ఆయన లెక్క తప్పిన సందర్భాలు తక్కువ.

అందరికంటె నెమ్మదిగా నడిచేవాడే దండుకు వేగం

ఆటలో మొదట తెలుసుకోవలసిన నియమం ఇది. ట్రావియన్‌లో ప్రతి దళానికీ గంటకు ఇన్ని గళ్ళు అని నడక నిర్ణయించి ఉంటుంది. గాల్ జాతి మెరుపు గుర్రపుదళం గంటకు 19 గళ్ళు పోగలదు. గోడలు, కట్టడాలు కూల్చడానికి రాళ్ళు రువ్వే యంత్రం, అంటే క్యాటపల్ట్, గంటకు 3 గళ్ళే కదులుతుంది. శత్రువు ఊరు 57 గళ్ళ దూరంలో ఉన్నదనుకుందాం. అదనపు వసతులేవీ లేనిపక్షంలో గుర్రాలు మాత్రమే పోతే మూడు గంటల ప్రయాణం. వాటి వెంట ఒక్క యంత్రాన్ని పంపినా మొత్తం దండుకు 19 గంటలు పడుతుంది. గుర్రాలు ముందుగా పోయి అక్కడ వేచి ఉండవు. కొత్త ఆటగాళ్ళు నూటికి తొంభైమంది ఇక్కడే దెబ్బతింటారని చెప్పవచ్చును.

హైదరాలీ ఈ నియమాన్ని 1769 మార్చిలో ఉపయోగించిన తీరు చూడండి. ఆంగ్లేయులతో మొదటి మైసూరు యుద్ధం రెండేండ్లుగా సాగుతున్నది. కర్ణాటక మైదానంలో ఆంగ్ల సైన్యాన్ని మద్రాసుకు చాలా దూరం లాగిన తరువాత, ఆయన తన ఫిరంగులను, సామాను బండ్లను, కాలిబలంలో దాదాపు అందరినీ కనుమల మీదుగా స్వదేశానికి పంపివేశాడు. ఏరికోరిన 6,000 గుర్రపు రౌతులను, 200 మంది కాలిబంట్లను మాత్రమే వెంట ఉంచుకున్నాడు. మూడున్నర రోజులలో 130 మైళ్ళు నడిచి మద్రాసు పక్కనే ఉన్న పరంగికొండ చేరాడు. ఫిరంగి లేనివాడు కోటను పట్టజాలడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కాని కోటలోని పెద్దలకు కావలసినంత భయం పుట్టింది, వారి సైన్యం ఎక్కడో వెనుక ఉన్నది. ఏప్రిల్ తొలి వారంలోనే సంధి కుదిరింది.

వేగమంటే గుర్రమే కాదు, ఎద్దు కూడా. మైసూరు రాజు చిక్కదేవరాయని కాలంలో బెణ్ణె చావడి, అనగా వెన్న చావడి, అనే పశుశాఖ ఉండేది. హైదరాలీ దానిని సైన్యానికి వాడుకున్నాడు, టిప్పు సుల్తాన్ దానికి అమృత మహల్ అని పేరు పెట్టాడు. నేటికీ ఆ జాతి పశువులకు అదే పేరు. ఆ ఎద్దుల బలంతోనే హైదరాలీ చిదంబరం రక్షణకు రెండున్నర రోజులలో 100 మైళ్ళు ఫిరంగులతో సహా పోగలిగాడనీ, ఓడిన ప్రతిసారీ తన ఫిరంగులను శత్రువు కళ్ళ ఎదుటే లాగుకొని పోగలిగాడనీ మైసూరు చరిత్రకారులు వ్రాశారు. ఎద్దులను సాకే మన పల్లెలవారికి ఇందులోని గొప్ప వేరే చెప్పనక్కరలేదు.

తిండి లేని దండు

ఆటలో రెండవ నియమం ధాన్యానికి సంబంధించినది. కట్టె, మట్టి, ఇనుము ఒకసారి ఖర్చు పెడితే సైనికుడు తయారవుతాడు. ధాన్యం మాత్రం అతడు ఉన్నంతకాలం గంటగంటకూ ఖర్చవుతూనే ఉంటుంది. గాదె ఖాళీ అయితే సైనికులు ఆకలితో చనిపోతారు. మిత్రుని ఊరికి సహాయంగా పంపిన దండు ఆ మిత్రుని గాదెనే తింటుంది. అందుచేత అడగకుండా పదివేలమందిని సహాయం పంపడం కూడా ఒక్కొక్కప్పుడు అపకారమే అవుతుంది.

ఈ నియమానికి మన సరిహద్దులోనే జరిగిన ఉదాహరణ ఉన్నది. 1791 ఫిబ్రవరిలో గవర్నరు జనరల్ కారన్‌వాలిస్ ఆంబూరు వైపు పోతున్నట్లు కనిపించి, టిప్పు దృష్టి అటు తిరిగిన తరువాత, పలమనేరు దగ్గరి మొగిలి కనుమ ఎక్కి అడ్డు లేకుండా పీఠభూమి మీదికి వచ్చాడు. కోలారు, హొసకోట సులువుగా లొంగాయి. మార్చి 21వ తేదీ రాత్రి బెంగళూరు కోట పడింది. మే నెలలో శ్రీరంగపట్టణం సమీపంలో అరికెరె వద్ద గెలిచాడు కూడా. కాని అప్పటికి ఎద్దులు తెగులుతో చచ్చాయి, బియ్యం కరవైంది. గెలిచినవాడు తన పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టి వెనుకకు మరలవలసి వచ్చింది. మరలిన వెంటనే ఎదురైనది ఎవరో తెలుసునా? ఆయనకు సహాయంగా వస్తున్న మరాఠా సైన్యం, బోలెడంత ధాన్యంతో! వారు దగ్గరలో ఉన్న సంగతి ఆయనకు అందలేదు. వార్తాహరులను టిప్పు రౌతులు దారిలోనే పట్టుకున్నారు. మరుసటి ఏడు, పెరికెద్దుల మీద ధాన్యం మోసే బంజారాలను కుదుర్చుకొని వచ్చినపుడు మాత్రమే ఆయన పని నెరవేరింది.

ఆజ్ఞ వెళ్ళిన తరువాత

ట్రావియన్‌లో దండును పంపిన తొలి 90 సెకండ్లలో మాత్రమే వెనుకకు పిలువవచ్చును. ఆపైన ఎంత ఏడ్చినా అది చేరవలసిన చోటికి చేరి తీరుతుంది, అంత కాలమూ తీసుకొని తిరిగి వస్తుంది. దాడికి గురయ్యే ఊరివారికి అది చేరే వేళ తెలుస్తుంది గాని ఎంతమంది వస్తున్నారో తెలియదు. అందుకే చేయి తిరిగిన ఆటగాళ్ళు పది ఊళ్ళ మీదికి పది దండులు పంపి, తొమ్మిదింటిలో ఒక్కొక్క యంత్రాన్నే పెడతారు. ఏది నిజమో తేల్చుకొనేలోగా వేళ మించిపోతుంది.

ఇటువంటి బూటకానికి హైదరాలీ అంతటివాడూ ఒకసారి లొంగాడు, అదీ మన ముళబాగిలు వద్దనే. 1768 అక్టోబరు 4న కర్నల్ వుడ్ దండును ఆయన చుట్టుముట్టి దాదాపు నలిపివేసిన వేళ, సామాను కాపలాలో ఉన్న కెప్టెన్ బ్రూక్ కొద్దిమందితో, గాయపడినవారు పేల్చే రెండు ఫిరంగులతో ఒక బండ ఎక్కి “స్మిత్, స్మిత్” అని కేకలు వేయించాడు. స్మిత్ ఆంగ్లేయుల ప్రధాన సేనాని. అతని పెద్ద దండు వచ్చిపడిందనుకొని హైదరాలీ కొంత వెనుదీశాడు. ఆ సందులో వుడ్ తన వరుసలను సరిచేసుకున్నాడు.

వేళ తప్పిన సహాయానికి 1780 నాటి పొల్లిలూరు సాక్ష్యం. గుంటూరు నుండి బయలుదేరిన కర్నల్ బెయిలీ దళం కాంచీపురంలో మన్రో సైన్యాన్ని కలుసుకోవాలి. ఆగస్టు 25న కొర్తలయ్యారు చేరేసరికి ఏరు దాటవచ్చు. ఈవలి గట్టున విడిది చేశారు. రాత్రికి వరద వచ్చింది, సెప్టెంబరు 3 దాకా దాటలేకపోయారు. తరువాత టిప్పు అడ్డగించాడు. మన్రో పదిహేను మైళ్ళ లోపునే ఉండి కూడా, కాంచీపురంలోని ధాన్యాన్ని, పెద్ద ఫిరంగులను వదలి కదలడానికి వెనుకాడాడు. సెప్టెంబరు 10న బెయిలీ దళం నాశనమైంది. ఏ ధాన్యం కోసం, ఏ ఫిరంగుల కోసం ఆగాడో, ఆ ఫిరంగులనే మన్రో గుడి కోనేటిలో పడవేసి మద్రాసు దారి పట్టాడు. ఒక్క రాత్రి విడిది వేసిన గట్టు తప్పు కావడమే దీనికంతటికీ మొదలని వ్రాసేవారు ఉన్నారు. నా అభిప్రాయంలో ఏటి తప్పు సగం, మన్రో తప్పు సగం.

పాతర

ఆటలో ఒక కట్టడం ఉన్నది. దోపిడీదండు వచ్చినపుడు కొంత ధాన్యాన్ని కంటబడకుండా దాచేది. దానికి మన మాటలో పాతర అనవచ్చును. రాగులు పోసి పైన మన్ను కప్పితే ఏండ్లతరబడి చెడకుండా ఉండే పాతరలు ఈ సీమలో ఎందుకు పుట్టాయో వేరే చెప్పాలా? కరవు ఒక కారణం, దండు రెండవది. తెరమీద ‘దోపిడీ’ అన్న గుర్తు నొక్కితే అంకెలు ఇటునుండి అటు మారతాయి. 1780లో హైదరాలీ కర్ణాటక మైదానంలో దిగినపుడు మద్రాసు చుట్టూ, వేలూరు చుట్టూ ఊళ్ళను తగులబెట్టించాడు. శత్రువుకు గింజగాని గడ్డిగాని దొరకరాదన్నది ఆయన లెక్క. ఆ లెక్క ఫలించింది. మరుసటి ఏడు సర్ ఐర్ కూట్ పోర్టోనోవోలో గెలిచి కూడా బియ్యం లేక, ఎద్దులు లేక గెలుపును వెంబడించలేకపోయాడు. కాని ఆ గింజలు ముందు రైతులవి. కుర్రవాడు ఆటలో పక్క ఊరిని రోజుకు మూడుసార్లు దోచి సంబరపడుతున్నపుడు, ఆ ఊరిని నడిపేవాడు కూడా ఎక్కడో ఒక కుర్రవాడేనని, వాడు విసిగి ఆట మానివేస్తే అంతటితో సరి అనీ, మన తాతలకు ఆ వీలు లేదనీ పెద్దవారు ఒకమాట చెప్పవచ్చును.

సేనాని లేని దండు

ఆటగాడు నిద్రపోతే దండు నిలిచిపోతుంది. అందుకే నమ్మకమైన మిత్రునికి తన ఖాతా చూసే అధికారం ఇచ్చే ఏర్పాటు ట్రావియన్‌లో ఉన్నది. 1782లో హైదరాలీ మంత్రులకు అంతకంటె కష్టమైన పని పడింది. డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో రాచకురుపుతో ఆయన కన్నుమూశాడు. టిప్పు అప్పుడు మలబారు తీరాన పొన్నాని వద్ద యుద్ధంలో ఉన్నాడు. పూర్ణయ్య, కృష్ణారావు మరణవార్తను బయటికి పొక్కనీయలేదు. ఎప్పటివలెనే ఆజ్ఞలు వెలువడ్డాయి. దండు కదిలినపుడు మూసిన పల్లకి యథాప్రకారం పరివారంతో ముందుకు సాగింది. టిప్పుకు కబురు నాలుగైదు రోజులలో అందింది, ఆయన ఆ నెల ముగిసేలోగా తూర్పుకు తిరిగివచ్చాడు. మద్రాసులోని సేనాని స్టువర్ట్ హైదరాలీ మరణించాడన్న మాటనే నమ్మలేదు, నమ్మినా కదిలేందుకు అతని దండు సిద్ధంగా లేదు.

శవాన్ని సుగంధద్రవ్యాలతో పెట్టెలో భద్రపరచి, ఖజానా పోతున్నట్లు కాపలా పెట్టి కోలారుకు పంపారు. అక్కడ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి పక్కన ఉంచి, తరువాత శ్రీరంగపట్టణానికి తరలించారు. తండ్రి సమాధి ఉన్న ఆ మఖ్బరా నేటికీ కోలారులో ఉన్నది.