ఫ్లిక్ కొడితే ఫౌల్

ఆదివారం పొద్దున ఆరు గంటలు. లాల్ దర్వాజాలో బయల్దేరి శాలిబండ, చార్మినార్ దాటి మదీనా చౌరస్తా దాకా నడిచొచ్చినా మీకు పట్టుమని పదిమంది ఎదురవలేదు. రాత్రి రెండింటి దాకా మేలుకునే పాతబస్తీ పొద్దున్నే ఎక్కడ లేస్తుంది? పత్తర్‌గట్టి దుకాణాల షట్టర్లు దించే ఉన్నాయి. నహారీ హోటల్ ముందు మాత్రం స్టీలు క్యాన్లు పట్టుకుని నలుగురు నిలబడ్డారు. ఆ వాసనకు కాళ్ళు అటే లాగుతాయి గానీ, తిరిగొచ్చేటప్పుడు చూద్దాం, పదండి. సిటీ కాలేజీ దగ్గర కులీ కుతుబ్‌షా స్టేడియంలో ఆట మనకోసం ఆగదు.

లోపలికి అడుగు పెట్టగానే తల వంచండి, బంతి వస్తోంది. ఎవరిదో కనుక్కోవడం కష్టం. ఒక మ్యాచ్‌లో మిడ్‌వికెట్ దగ్గర నిలబడ్డవాడు ఇంకో మ్యాచ్‌కు స్లిప్‌లో ఉన్నట్టే. "అరే మియా, బాల్ ఫేంకో!" అని మూడు దిక్కుల నుంచి కేకలు. మీ కాలికి తగిలిన టెన్నిస్ బంతిని ఎటు విసరాలో తెలియక అందాజాగా విసిరేస్తారు. తిట్లు పడవు, కాబట్టి సరిగ్గానే విసిరినట్టున్నారు.

మనం వచ్చింది వీళ్ళ కోసం కాదు. ఆ మూలకు చూడండి. ఇసుక నింపిన మూడు గోనెసంచులు, రబ్బరు షీటు కోసి చేసిన ఒక ప్లేటు, తొమ్మిది మంది ఆడపిల్లలు, మెడలో విజిల్ వేసుకున్న ఒక పెద్దాయన. సాఫ్ట్‌బాల్. పేరులో 'సాఫ్ట్' ఉంది గదా అని బంతిని చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది సంగతి. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 180 గ్రాముల పైమాటే. నుదుటికి తగిలితే క్రికెట్ బంతికి ఏమీ తీసిపోదు.

బంతి వేసే అమ్మాయి చేయి గాలిమర రెక్కలా ఒక చుట్టు పూర్తిగా తిరిగి తొడ పక్క నుంచి బంతిని వదులుతుంది. చూడ్డానికి అండర్ ఆర్మ్ కాబట్టి మెల్లగా వస్తుందనుకుంటాం. వేసేచోటికీ ప్లేటుకూ మధ్య 43 అడుగులే. క్రికెట్ పిచ్ 66 అడుగులు, పైగా అక్కడ బంతి నేలకు కొట్టుకుని లేచేసరికి వేగం కొంత చస్తుంది. ఇక్కడ టప్పా లేదు. గంటకు 95 కిలోమీటర్ల వేగంతో వస్తే అర సెకను కూడా దొరకదు. ఆ కాస్తలోనే చూడాలి, తేల్చుకోవాలి, ఊపాలి.

ఇప్పుడు బ్యాటు పట్టుకుని వచ్చిన పిల్లను చూడండి. తొమ్మిదో తరగతి. ఆమె మొహం సంగతి తర్వాత, ముందు చేతులు చూడండి. ఇంకాస్త దగ్గరికి రండి, పరవాలేదు. కుడి అరచేయి పిడి వెనక్కి వెళ్ళింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే 'వి' ఆకారం రెండు చేతులకూ ఒకే గీతలో ఉంది. క్రికెట్ కోచ్ ఎవరైనా చూస్తే "షాబాష్" అంటాడు. ఈ పెద్దాయన మాత్రం నుదురు కొట్టుకుంటున్నాడు.

సాఫ్ట్‌బాల్‌లో నేర్పే పట్టు వేరు. తలుపు కొట్టేటప్పుడు తలుపుకు తగిలే కణుపులున్నాయే, రెండు చేతులవీ అవి ఒక వరుసలోకి రావాలి. పిడి అరచేతి గుంటలో కాకుండా వేళ్ళ మొదట్లో కూర్చోవాలి. క్రికెట్ బ్యాటు నేల మీద నిలబడి పని మొదలుపెడుతుంది, సాఫ్ట్‌బాల్ బ్యాటు భుజం మీద నుంచి. అక్కడ నాలుగంగుళాల పావు వెడల్పున్న పలక, ఇక్కడ రెండంగుళాల పావు మందమున్న గుండ్రటి దుడ్డు. అరచేతిలో బిగించి పట్టుకుంటే మణికట్టు తాళం పడ్డట్టు ఆగిపోతుంది.

"టాప్ హ్యాండ్ ఢీలా పెట్టు బిడ్డా!"

పిల్ల ఎడమచేయి వదులు చేసింది.

"గది గాదు, పైది!"

"ఇదే గద సార్ పైది!"

నవ్వకండి, ఇద్దరిదీ నిజమే. క్రికెట్‌లో బ్యాటు కిందికి వేలాడుతుంది కాబట్టి కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమచేయి పైన ఉంటుంది, టాప్ హ్యాండ్ అంటే అదే. అదే బ్యాటును భుజం మీదికి ఎత్తారా, కుడిచేయి పైకి వెళ్తుంది, సాఫ్ట్‌బాల్‌కు టాప్ హ్యాండ్ అదీ. చేతులు మారలేదు, పేర్లు తారుమారయ్యాయి. ఎన్ని వారాలుగా ఈ పిల్ల ఒక చేతికి చెప్పిన మాట ఇంకో చేతికి వేస్తోందో!

ఆమె బ్యాటు కింద పెట్టినప్పుడు అరచేతులు చూశాను. కుడి అరచేతి మధ్యలో, మామూలుగా ఉండకూడని చోట, గట్టిగా కాయలు కాసి ఉన్నాయి. అడిగితే చెప్పింది: ఇంట్లో ఆడేది అన్న బ్యాటుతో, దాని పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంటుంది. పిడి లావు, బ్యాటు బరువు, అరచేయంతా వెనక ఆనిస్తే గాని లేవదు. "గిట్ల పట్టుకుంటెనే వస్తది" అంది.

అన్న బ్యాటు కథ మీకు కొత్తేం కాదు. సచిన్ టెండూల్కర్ హ్యాండిల్ మీద చేతులు అంత కిందికి పెట్టి పట్టుకోవడానికి కారణం చిన్నప్పుడు అన్న అజిత్ పెద్ద బ్యాటుతో ఆడడమే. మార్చి చూస్తే కుదరలేదు, అలాగే ఉండిపోయింది. బేస్‌బాల్‌లో 755 హోమ్ రన్లు కొట్టిన హాంక్ ఆరన్ కుర్రతనంలో చేతులు తలకిందులుగా పెట్టి, అంటే కుడిచేతి వాటమై ఉండి ఎడమచేయి పైన వేసి ఆడేవాడు. వృత్తి ఆటగాడిగా మొదలుపెట్టాక గాని అది మారలేదు. అదే బేస్‌బాల్‌లో టై కాబ్ రెండు చేతుల మధ్య జాగా వదిలి పట్టుకునేవాడు. అసలు సాఫ్ట్‌బాల్ పుట్టుకే వింత: 1887లో షికాగోలో చుట్టి కట్టిన బాక్సింగ్ గ్లవ్ బంతి, చీపురు కర్ర బ్యాటు. చీపురు కర్రకు సరైన పట్టు ఏదో ఎవరు చెప్పారు?

సరే, ఆట చూద్దాం. బంతి వచ్చింది, నడుము ఎత్తున. పిల్ల ఊపింది. తగలడానికి అద్భుతంగా తగిలింది. కానీ తగిలే ముందే ఆ కుడి మణికట్టు తిరిగిపోయింది. బంతి ఎడమవైపు గీత దాటి, పక్క మ్యాచ్ అంపైర్ కాళ్ళ మధ్య నుంచి గోడ దాకా వెళ్ళింది. క్రికెట్ వాళ్ళలో ఒకడు చప్పట్లు కొట్టాడు: "క్యా ఫ్లిక్ హై!"

విజిల్. ఫౌల్.

అక్కడే ఉంది చిక్కంతా. క్రికెట్‌లో బంతిని చుట్టూ ఎటైనా కొట్టొచ్చు, వెనక్కి నెట్టినా నాలుగే. సాఫ్ట్‌బాల్‌లో మైదానం లంబకోణం, 90 డిగ్రీలు. దాని బయట పడ్డది ఎంత అందంగా పడ్డా లెక్కలోకి రాదు. ఇంకోటి, మణికట్టు తిప్పితే బంతి నేల మీద పాకుతుంది. క్రికెట్‌లో అది పనితనం, క్యాచ్ లేవదు. ఇక్కడ అదే పాకే బంతిని ఫీల్డర్ ఎత్తి ఫస్ట్ బేస్‌కు విసురుతుంది, మీరు సగం దూరంలోనే ఔట్.

మరి ఈ ఊళ్ళో మణికట్టు తిప్పకుండా ఎవరు పెరిగారు చెప్పండి? మా లాల్ దర్వాజా గల్లీలో ఇద్దరు పక్కపక్కన నడిస్తే మూడోవాడు స్కూటర్ దిగాల్సిందే. ఒకపక్క టైలర్ ఇంటి గోడ, ఒకపక్క మోరీ. మిద్దె మీద పడితే ఔట్. ఇంట్లో పడితే ఔట్, బంతి కూడా దక్కదు. మోరీలో పడితే ఒక్క రన్ను, కొట్టినవాడే తియ్యాలి. ఒక టప్పా పడ్డాక ఒంటిచేత్తో పట్టినా ఔటే, ఆ వన్ టిప్ వన్ హ్యాండ్ ఎలాగూ ఉంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య బంతిని నేలకు ఆనించి సందులోంచి దూర్చడం తప్ప వేరే దారి లేదు. హైదరాబాదీ మణికట్టు గొప్పతనానికి పండితులు వేరే కారణాలు చెబుతారు. నాకు మాత్రం గల్లీలే కనిపిస్తాయి.

నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు పెద్దాయన మాటల్లో అజ్జూ వచ్చాడు. రాకుండా ఎలా ఉంటాడు? అజహరుద్దీన్ పాతబస్తీవాడు కాదు, విఠల్‌వాడీ కుర్రాడు. అయినా ఆ మణికట్టును మూసీకి ఇవతలివాళ్ళూ మాదే అంటారు. 1984-85లో ఇంగ్లండ్ మీద ఆడిన తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. ఆ తర్వాత అదే చేయి మొరాయించింది. 1989లో పాకిస్తాన్ వెళ్ళేసరికి జట్టులో చోటే అనుమానంగా ఉంది. కరాచీలో ప్రాక్టీస్ చూడ్డానికొచ్చిన పాకిస్తాన్ పాత బ్యాటర్ జహీర్ అబ్బాస్, పట్టు కొంచెం మార్చి చూడమన్నాడు. కొంచెమే. ఫైసలాబాద్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో అజహర్ 109 కొట్టాడు. ఆ బాకీ 2016లో తీర్చుకున్నాడు: ఇంగ్లండ్‌లో తంటాలు పడుతున్న పాకిస్తాన్ బ్యాటర్ యూనిస్ ఖాన్‌కు ఫోన్ చేసి క్రీజులో నిలబడి ఆడమన్నాడు. ఓవల్‌లో యూనిస్ 218.

"చూడుండ్రి, జహీర్ సాబ్ చెయ్యి మొత్తం మార్చలే. జర్ర జరిపిండు," అన్నాడు పెద్దాయన గ్లాసు కింద పెడుతూ. ఆయన పిల్ల దగ్గరికి వెళ్ళి ఈసారి టాప్ హ్యాండ్, బాటమ్ హ్యాండ్ అనలేదు. కుడిచేయి పట్టుకుని అర వేలు మందం ముందుకు తిప్పాడు. చిటికెన వేలు పిడి చివరి గుబ్బ మీద ఆనేలా ఎడమచేతిని కిందికి జరిపాడు. కణుపులు ఇంకా వరుసలోకి రాలేదు. వాటిని అలాగే వదిలేశాడు. "కొట్టు. చెయ్యి తిప్పుడు బంతి పొయినంక."

మొదటి బంతి గాలికి పోయింది. రెండోది గీత బయటికి, మళ్ళీ ఫౌల్. మూడోదానికి మీరు నేను చెప్పకుండానే ముందుకు వంగారు. చప్పుడు మారింది, విన్నారా? బంతి పిచర్ తల మీదుగా ఎగిరి, క్రికెట్ వాళ్ళ రెండు మ్యాచ్‌లు దాటి పడింది. అటు నుంచి తిట్లు మొదలయ్యాయి.

"ఉరుకు!" అని ఎనిమిది మంది అరుస్తున్నారు. పిల్ల గోనెసంచి వైపు ప్రాణం పెట్టి ఉరికింది. 60 అడుగులు. చివర్లో ఒంగి, చేయి చాచి, బ్యాటును నేల మీద జారుస్తూ క్రీజులో పెట్టినట్టు బేస్‌కు ఆనించింది. సాఫ్ట్‌బాల్‌లో కొట్టగానే బ్యాటు పారేసి ఉరకాలి, బేస్‌ను కాలితో తొక్కాలి. ఆ మాట ఆమెకు ఎవరూ ఇంకా చెప్పలేదు.