మూసారాంబాగ్: ఒక స్థలనామం, ఒక సమాధి, 1798

హైదరాబాదు చూడవచ్చే పర్యాటకుల దారి చాలాకాలంగా స్థిరపడి ఉంది. 1591 నాటి చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం, మర్నాడు గోల్కొండ. తీరిక ఉన్నవారు కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీని కూడా చూస్తారు. నగరానికి తూర్పున ఉన్న మూసారాంబాగ్ వైపు తిరిగేవారు అరుదు. రెసిడెన్సీని అర్థం చేసుకోవాలంటే మాత్రం ముందుగా ఇక్కడికే రావాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మూసారాం అనే పదంలో మూసీ నది పేరు ఉందని పొరబడే అవకాశం ఉంది. అది ‘మొస్యో రేమాఁ’ అనే ఫ్రెంచి పిలుపుకు జనం నోట వచ్చిన రూపం. 1755లో ఫ్రాన్సులో పుట్టిన మిషెల్ జొయాకిమ్ మారీ రేమాఁ పుదుచ్చేరి చేరి, కొంతకాలం హైదర్ అలీ పక్షాన పనిచేసి, 1786లో రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో ప్రవేశించాడు. యూరపు పద్ధతిలో ఆయన తీర్చిదిద్దిన పటాలం చివరికి సుమారు 14 వేల మందికి పెరిగింది. ఫిరంగులు పోతపోసిన చోటు నేటికీ గన్‌ఫౌండ్రీగానే వ్యవహారంలో ఉంది. 1795లో మరాఠాలతో ఖర్దా యుద్ధంలో నిజాం ఓడినా, ఈ పటాలానికి మాత్రం మంచి పేరు వచ్చింది. మైసూరులో టిప్పు, హైదరాబాదులో ఫ్రెంచి పటాలం: కంపెనీకి ఇంతకు మించిన బెంగ ఏముంటుంది?

1798 మార్చి 25న రేమాఁ మరణించాడు. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సైన్యసహకార సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారులను తొలగించడం అందులో ఒక షరతు. అక్టోబరు 22న కంపెనీ దళాలు పటాలాన్ని చుట్టుముట్టి, యుద్ధం లేకుండానే ఆయుధాలు దించించాయి. జీతం బకాయిల కోసం సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉండటం కంపెనీకి కలిసివచ్చింది. ఆ వ్యవహారం నడిపిన రెసిడెంటు జేమ్స్ అఖిలీజ్ కర్క్‌పాట్రిక్. కొద్ది ఏళ్లకే ఆయన హయాంలో, నిజాం సొమ్ముతో, మూసీ ఉత్తరపు ఒడ్డున రెసిడెన్సీ భవనం మొదలైంది. గెలిచినవాడి మేడ అది. ఆ మేడకు ముందుమాట ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది.

గుట్ట మీది సమాధి సాదాసీదా కట్టడం. విశాలమైన వేదిక, సుమారు 23 అడుగుల ఎత్తున కొనదేరిన రాతి స్తంభం, దాని మీద పేరులోని రెండు రోమన్ పొడి అక్షరాలు, పక్కన గ్రీకు తరహా స్తంభాల మండపం. 2001లో వర్షాలకు ఆ మండపం కూలిపోగా తర్వాత తిరిగి కట్టారు. ఫ్రెంచి క్రైస్తవుడైన ఈ సేనాని హిందువుల నోట మూసా రామ్, ముస్లింల నోట మూసా రహీం అయ్యాడు. వర్ధంతికి ఇక్కడ ఉర్సు జరిగేది. కంపెనీ దృష్టిలో శత్రువైన మనిషిని స్థానికులు ఇలా తమవాడిగా చేసుకున్నారు. కొలువులో ఉన్నది పన్నెండేళ్లే అయినా ఆయన పేరు రెండు శతాబ్దాలుగా వాడుకలో ఉంది.

మూసారాంబాగ్ మెట్రో స్టేషనులో ఎక్కితే నాలుగో స్టేషను ఉస్మానియా మెడికల్ కాలేజీ. రెసిడెన్సీ అక్కడికి దగ్గరే. ఒక్క పూటలో రెండూ చూసి రావచ్చు, సమాధిని ముందుగా చూసి.