స్టెప్నీ, జెర్రీకేన్ – డిక్కీలో దాగిన చరిత్ర

టైరు పంక్చరైతే "స్టెప్నీ తియ్యి" అంటాం. కాశ్మీరులోనైనా కాకినాడలోనైనా మెకానిక్కుకి అర్థమయ్యే మాట. అది ఒక వీధి పేరు. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పేలితే రోడ్డు పక్కనే విప్పి, అతికించి, గాలి కొట్టుకోవాలి. 1904లో వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో, స్టెప్నీ వీధిలో వ్యాపారం చేసే డేవిస్ సోదరులు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని రిమ్ముకి గాలి నింపిన టైరు తొడిగి, దాన్ని పాడైన చక్రానికే బిగించడం. ఆ వస్తువు పోయినా, పేరు మన దేశంలో నిలిచింది.

జెర్రీకేన్ సంగతి ఎం.టి.లో పనిచేసినవారికి చెప్పనక్కర్లేదు. 1940 డిసెంబరులో మన 4వ భారత డివిజన్ సిదీ బర్రానీ వద్ద పోరాడింది. ఆ ఎడారిలో బ్రిటిష్ సైన్యం పెట్రోలును 4 గ్యాలన్ల పల్చటి రేకు డబ్బాల్లో మోసేది. లారీ కుదుపులకు అతుకులు విడిపోయి కారిపోయేవి. ఎడారిలో బండి ఆగితే నీళ్లూ అందవు, ప్రాణమూ దక్కదు. జర్మన్లు మాత్రం 1937 నాటికే 20 లీటర్ల ఉక్కు డబ్బా తయారుచేసుకున్నారు. మూడు పిడులు. నిండుదాన్ని ఇద్దరు పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒక్కడే చేతికి రెండేసి మోయవచ్చు. మూతకి పానా అక్కర్లేదు. నీళ్ల డబ్బాకి తెల్ల సిలువ గుర్తు. చేజిక్కిన డబ్బాలను బ్రిటిష్ దళాలు అపురూపంగా వాడుకున్నాయి, తర్వాత అలాంటివే తయారుచేయించాయి. వాళ్ల నోట జర్మనువాడు "జెర్రీ", అదే డబ్బా పేరైంది.

ఈ రెండు కథల్లో నాకు కనిపించేది ఒక్కటే: సామాను ఉంటే చాలదు, అవసరానికి పనిచెయ్యాలి. సర్వీసులో ఫస్ట్ పరేడ్ లేనిదే బండి గేటు దాటదు. పెన్షన్ వచ్చాక మనవళ్లతో తిరుపతి బయల్దేరేటప్పుడు డిక్కీ తెరిచి చూసేవాళ్లం ఎంతమందిమి?

2020లో నియమం మారాక కొన్ని కార్లకు స్టెప్నీ బదులు పంక్చర్ కిట్టే ఇస్తున్నారు. మీ బండిలో ఏముందో చూసుకోండి. స్టెప్నీ ఉంటే దాంట్లో గాలి, జాకీ, వీల్ పానా, టార్చి, ఎర్ర త్రికోణం, మంచినీళ్లు, కట్టుగుడ్డలతో ఫస్ట్ ఎయిడ్ పెట్టె చూడండి. గాయపడ్డాక మొదటి గంటను "గోల్డెన్ అవర్" అని 2019 సవరణతో మోటారు వాహన చట్టంలోనే రాశారు. ఆ గంటలో రక్తం ఆపే కట్టు చేతికందాలి. పెట్రోలు క్యాను మాత్రం కారులో వద్దు, నిప్పుతో చెలగాటం.

నెలకోసారి, ఒక ఆదివారం పొద్దున పది నిమిషాలు చాలు. ఫస్ట్ పరేడ్‌కి రిటైర్మెంట్ లేదు.